ఇంటిని అమ్మాలి

తప్పంతా గుండుసూదులది. ఫోనుది కూడా కొంత ఉంది గానీ, అసలు దోషం గుండుసూదులదే.

టైలరమ్మకి కుట్టుపని చేసేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకోవడం అలవాటు. వాటితోనే మాట్లాడుతుంది, వాటితోనే నవ్వుతుంది, వాటితోనే కొడుకుని తిడుతుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు గానీ గుండుసూదులు మాత్రం పొద్దస్తమానం ఉంటాయి. వీధిలో అందరికీ ఆ సూదుల భాష అలవాటైపోయింది. ఫోనుకి అలవాటు కాలేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ ఒక చేత్తో జాకెట్టు గుడ్డ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోనులో మైకు బొమ్మ నొక్కి, "మా ఇంటిని అమ్మాలి. తొందరగా చూసిపెట్టండి" అని చెప్పింది. కొడుకు ఏరిపెట్టిన ముగ్గురు రియల్ ఎస్టేట్ ఏజెంట్లకీ అదే పంపేసింది. పంపి హాయిగా కుట్టుకుంది.

సాయంత్రం కొడుకు పని నుంచి వచ్చి ఫోను చూశాడు. ముగ్గురికీ వెళ్ళిన మెసేజి ఇది: "మా ఇంటికి అమ్మాయి. తొందరగా చూసిపెట్టండి."

"అమ్మా! ఏం పంపావు నువ్వు!"

"ఇల్లమ్మాలని పంపా."

"నాకు పిల్లని చూడమని పంపావు!"

టైలరమ్మ సూదులు తీసి పక్కన పెట్టి మరీ నవ్వింది. "పోనీలేరా. అదీ కావలసిందేగా. ఒక దెబ్బకి రెండు పిట్టలు."

కొడుక్కి నవ్వు రాలేదు. అతను కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేసి అద్దాలు అమరుస్తాడు. వీధిలో అందరూ అద్దాలబ్బాయి అంటారు. ఎదుటివాళ్ళకి ఏది సరిగ్గా కనిపించడం లేదో చెప్పడం అతని పని. అలాంటివాడు తన పరువు ఇలా పోతుంటే ఏం చూస్తాడు, కళ్ళు మూసుకున్నాడు.

ఇల్లు అమ్మాలన్నది మాత్రం వేళాకోళం కాదు. ఊరికి ఆ చివర పిన్ని ఉంటుంది. అక్కచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పుడు ఒకే దుప్పటి కోసం కొట్టుకున్నారు. పెళ్ళిళ్ళయ్యాక ఊరికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. రోజూ ఫోనులో కొట్టుకుంటారు గానీ, అందులో మజా లేదని ఇద్దరి బాధా. ఇన్నాళ్ళకి పిన్ని వాటాకి ఎదురు వాటా అమ్మకానికి వచ్చింది. తలుపు తీస్తే తలుపు. మధ్యలో నడవా ఒక్కటే అడ్డం. ఆ వాటా ఓనరు మంచివాడు. "వానలు వెలిసేదాకా ఆగుతానమ్మా. ఆ తర్వాత నా దారి నాది" అన్నాడు.

వానలు వెలిసేలోగా ఈ ఇల్లు అమ్ముడుపోవాలి. లేకపోతే అక్కచెల్లెళ్ళ పోట్లాటలు జీవితాంతం ఫోనులోనే.

అంతకుముందు ఒకాయనకి అప్పగించి చూశారు. ఆయన ఫోటోల్లో ముందుగది ఆటస్థలమంత కనిపించింది. కిటికీలోంచి లేని ఆకాశం కూడా కనిపించింది. జనం ఎగబడి వచ్చారు, గుమ్మంలో నిలబడి "ఇంతేనా?" అన్నారు, వచ్చిన దారినే దిగిపోయారు. అందుకే ఈసారి జాగ్రత్తగా ఏరుకోవాలనుకున్నాడు అద్దాలబ్బాయి.

జవాబులు వచ్చాయి. మొదటి ఏజెంటుది రెప్పపాటులో వచ్చింది. "నమస్కారం! మీ కలను నిజం చేసే బాధ్యత మాది! డబుల్ బెడ్‌రూమా, ట్రిపులా?"

రెండో ఏజెంటుది ఇంకా మర్యాదగా ఉంది. "సంప్రదించినందుకు ధన్యవాదాలు. కొలతలు, ఫేసింగ్, ఎన్నేళ్ళ పాతదో తెలియజేయగలరు. కూల్చి కట్టే ఉద్దేశం ఉంటే అదీ చెప్పండి."

"అమ్మాయి ఎన్నేళ్ళ పాతదో అడుగుతున్నాడమ్మా. కూల్చి కడతాడట," అన్నాడు కొడుకు తల పట్టుకుని.

మూడో ఏజెంటు ఒక అమ్మాయి. ఆమె జవాబు చాలాసేపటికి వచ్చింది. "ఆంటీ, నేను ఇళ్ళు చూపిస్తాను గానీ అమ్మాయిల్ని చూపించను. మీరు 'ఇంటిని అమ్మాలి' అని ఉంటారని నా అనుమానం. ఇంటి సంగతైతే రేపు వస్తాను. అబ్బాయి సంగతైతే మీకు భగవంతుడే దిక్కు."

టైలరమ్మ కత్తెర కింద పెట్టేసింది. "చదివిందిరా! ముగ్గురిలో ఈ పిల్లొక్కతే చదివింది. ఈ పిల్లకే ఇద్దాం."

"ఆగమ్మా. ఈవిడకి ఫాలోవర్లెంత, గుప్పెడు మంది. మొదటాయనకి లక్షల్లో ఉన్నారు. డ్రోను ఉంది. ఇళ్ళ ముందు డాన్సు కూడా చేస్తాడు."

"ఆ డాన్సు చూసినవాళ్ళు ఇల్లు కొంటారా, డాన్సు నేర్చుకుంటారా?"

"ఆన్‌లైన్ మార్కెటింగ్ అంటే అదేనమ్మా ఇప్పుడు."

"మనం పంపిన ఒక్క వాక్యం చదవనివాడు మనింటి గురించి నాలుగు వాక్యాలు ఏం రాస్తాడ్రా?"

సరే చూద్దామని అద్దాలబ్బాయి ఆ అమ్మాయి వీడియోలు తెరిచాడు. మొహం ఎక్కడా కనిపించదు. గొంతు వినిపిస్తుంది, అప్పుడప్పుడు కిటికీ తెరిచే చెయ్యి కనిపిస్తుంది. ప్రతి వీడియో ఒకే మాటతో మొదలవుతుంది: "ఈ ఇంటికి ఒక లోపం ఉంది." ఒక ఇంటికి వంటగది ఇరుకు. ఒక ఇంటి ముందు పొద్దున్నే బస్సు హారన్లు. ఆ లోపం చెప్పేశాక ఇక తీరిగ్గా, మన చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు, గది గదికీ తీసుకెళ్తుంది. కింద ప్రశ్న అడిగిన ప్రతివాళ్ళకీ పేరుపేరునా జవాబు.

అన్నిట్లోనూ గదులు కాస్త మసగ్గా, మంచు పట్టినట్టు కలలా ఉన్నాయి. "ఏ ఫిల్టరండీ ఇది? ఎంత డ్రీమీగా ఉందో!" అని ఎవరో అడిగారు. "ఫిల్టరేమీ లేదండీ, ఉన్నది ఉన్నట్టే తీశాను" అని ఆమె జవాబు.

అద్దాలబ్బాయికి వృత్తిరీత్యా అనుమానం వచ్చింది. ఆ అనుమానం తీర్చుకోవడానికే ఇంకో వీడియో చూశాడు. ఆ తర్వాత చూసినవన్నీ గొంతు కోసం.

*

మర్నాడు భోజనానికి ఇంటికొచ్చేసరికి ఎవరో అమ్మాయి బాత్రూం తలుపుతో కుస్తీ పడుతోంది. గొడుగులోంచి నీళ్ళు హాలంతా కారుతున్నాయి.

"ఎవరండీ మీరు?"

"లోపాలు వెతుకుతున్నా," అంది వెనక్కి తిరక్కుండానే.

ఆ గొంతు వినగానే అతని ఆకలి పోయింది. అయినా బింకంగా, "దొరికాయా?" అన్నాడు.

"ఒకటి ఈ తలుపు. కొంచెం పైకి ఎత్తితే గానీ పడటం లేదు." అప్పుడు తిరిగి చూసింది. "రెండోది, ఈ ఇంట్లో అబ్బాయి మనిషికి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా ప్రశ్నలేస్తాడు."

టైలరమ్మ సూదుల మధ్యనుంచి కిసుక్కుమంది. అతను మంచినీళ్ళు తెచ్చాడు. ఆమె ఫోను తీసి ఏదో రాసుకుంటోంది, చెయ్యి బారెడు దూరం చాచి, కళ్ళు చికిలించి. అనుమానం రూఢి అయిపోయింది.

"మీకు సైటుందాండీ?"

"రెండున్నాయి," అంది ఠక్కున. "ఒకటి ఊరి చివర, ఇంకా రోడ్డు పడలేదు. రెండోది కార్నర్ బిట్టు. మీకే కావాలా?"

"అది కాదండీ. కంటికి."

"కంటికి ఆనే సైటు కావాలంటే రేటెక్కువ."

"అయ్యో, మీ కంటికండీ! మీకు సైటొచ్చింది. అద్దాలు కావాలి. మీ వీడియోలు డ్రీమీగా ఉన్నాయంటారే, అది ఫిల్టరు కాదు. ఫోకస్ తప్పు."

ఆమె మొహం ఎర్రబడింది. "నా వీడియోలు మీరెందుకు చూశారు?"

"ఏజెంటుని ఎంచుకోవాలి కదా. మీ సైటులో చూశా."

"అన్నీ చూశారా?"

"అ... కొన్ని."

"నా సైటు చూశారో, నాకు సైటు కొడుతున్నారో తేల్చుకోండి ముందు," అని గొడుగు తీసుకుని, "ఆంటీ, రేపటి నుంచి షూటింగ్. ఎండ కావాలి," అని మెట్లు దిగిపోయింది.

"ఈ పిల్లకే ఇచ్చామా?" అంది టైలరమ్మ.

"ఇచ్చేశాం," అన్నాడు కొడుకు. ఏమిచ్చేశాడో అప్పటికి అతనికీ పూర్తిగా తెలీదు.

*

ఆ ఇంట్లోకి ఎండ సాయంత్రం పూట ఒక్కసారే వస్తుంది. ముందుగది కిటికీలోంచి వచ్చి, కుట్టుమిషను మీద వాలి, నేల మీద పడ్డ దారప్పోగులన్నిటినీ బంగారం చేసి, లేచి పోతుంది. ఆ కాస్త ఎండ కోసం ఆమె రోజూ వచ్చేది. రోజూ మబ్బు ఉండేది.

"ఎండ వచ్చిందా?" అనేది మెట్ల మీంచే.

"రాలేదు," అనేవాడు. ఈమధ్య షాపు నుంచి అతనికి సాయంత్రాలు తొందరగా సెలవు దొరుకుతోంది మరి.

"అయితే టీ వచ్చిందా?"

టీ వచ్చేది. ముగ్గురూ కిటికీ దగ్గర కూచునేవారు. టైలరమ్మ ఆమెకి కాజాలు కుట్టడం నేర్పింది. ఆమె టైలరమ్మకి మెసేజి పంపేముందు మళ్ళీ ఒకసారి చదువుకోవడం నేర్పబోయింది, కుదర్లేదు.

ఒక సాయంత్రం అతను షాపు నుంచి అద్దాల పెట్టె తెచ్చి, ఆమె ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టాడు. ఆమెకి దగ్గరా మసకే, దూరమూ మసకే. ఎదురు గోడమీద అక్షరాల అట్ట తగిలించి, ఒక్కో అద్దం మారుస్తూ అడిగాడు.

"ఇది బాగుందా, ఇది బాగుందా?"

"మొదటిది."

"ఇప్పుడు? ఇదా, ఇదా?"

"రెండూ బానే ఉన్నాయి. మీ చెయ్యి ఎందుకు వణుకుతోంది?"

"ఫ్రేము బరువు," అన్నాడు.

ఆమె ఆ ఫ్రేముతోనే కిటికీలోంచి వీధిలోకి చూసింది. చీకటి పడుతోంది, దీపాలు వెలిగాయి. కాసేపు చూసి ఫ్రేము తీసేసింది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది.

"అద్దాలు లేకపోతే వానలో ఒక్కో దీపం ఒక్కో బంతిపువ్వంత ఉంటుంది. ఇన్నాళ్ళూ అందరికీ అలాగే కనిపిస్తాయనుకున్నా. ఇవి పెట్టుకుంటే దీపాలు ఉత్తి దీపాలైపోయాయి."

"పువ్వులు కావాలనిపించినప్పుడు తీసెయ్యండి," అన్నాడతను. "మనుషుల్ని చూసేటప్పుడు పెట్టుకోండి."

ఆమె అతనివైపు చూసింది. అద్దాలు లేకుండానే, చాలాసేపు. ఎంత కనిపించిందో ఏమో.

ఎండ ఆ మర్నాడూ రాలేదు. ఎండకి బదులు కుండపోత వాన వచ్చింది. బాల్కనీ మీద రేకు ఉంది. చినుకు పడితే చాలు, అది మోగడం మొదలుపెడుతుంది. ఇక ఇలాంటి వానలో ఆ ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. ఆమె కాసేపు ఆ చప్పుడు వింటూ నిలబడి, ఉన్నట్టుండి కెమెరా తీసి స్టాండుకి బిగించింది.

"ఎండ వద్దు!" అని అతని చెవి దగ్గర అరిచింది. "ఇదే తీస్తా! ఈ ఇంటి లోపం ఇదే!"

కెమెరా బాల్కనీ గుమ్మంలో ఉంది. దాని పక్కన అతను, అటు చివర ఆమె. వాన తెరలు తెరలుగా దిగుతోంది. ఆమె చెయ్యి చాచి రేకు అంచునుంచి కారే నీళ్ళు పట్టుకుంటోంది. ఈ వాన తీసేస్తే షూటింగ్ అయిపోతుంది, ఈమె రావడం మానేస్తుంది. ఇల్లు అమ్ముడుపోయినా అంతే. వాన ధైర్యం ఇచ్చింది. ఎలాగూ వినపడదు కదా అని, అనేశాడు.

ఆమె తిరిగి చూసింది. "ఏంటీ?"

"టీ బాగుందా అన్నా!"

*

ఆ వీడియో పెట్టగానే ఊరంతా చుట్టింది. "ఈ ఇంటికి ఒక లోపం ఉంది. వాన పడితే ఇక్కడ ఎవరి మాటా ఎవరికీ వినిపించదు," అని ఆమె గొంతు. ఆ తర్వాత మాటల్లేవు, ఉత్తి వాన. చూసినవాళ్ళు పక్కవాళ్ళకి పంపారు. ఆమె ఫాలోవర్లు గుప్పెడు నుంచి బుట్టెడయ్యారు.

కానీ ఇల్లు చూడటానికి ఒక్కరూ రాలేదు. ఫోన్లు మాత్రం వచ్చాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇల్లు బాగుందండీ. నీళ్ళు రోజూ రావటగా?"

మొదటి ఫోనుకి నవ్వి ఊరుకుంది. తర్వాత తర్వాత నవ్వలేకపోయింది. ఒకరోజు నేరుగా కళ్ళద్దాల షాపుకే వెళ్ళింది.

"మీ ఇంట్లో నీళ్ళ సమస్య ఉందా?"

"లేదే! తిప్పితే వస్తాయి."

"ఊళ్ళో అందరూ అంటున్నారు."

"అంటే అననివ్వండి. లేని సమస్య ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

"నిప్పు లేనిదే పొగ రాదండీ. ఒక్కరంటే పొరపాటు అనుకుంటా. ఇంతమందా? నేను డాన్సులు చెయ్యలేను. డ్రోనూ లేదు. నాకున్నదల్లా ఒక్కటే, ఈ అమ్మాయి లోపం దాచదు అన్న పేరు. అది మీ మూలంగా పోతే నేనేం కావాలి?"

"నేను దాచలేదండీ. నిజంగా."

"ఏమీ దాచలేదా?"

ఆ ప్రశ్నకి అతను తడబడ్డాడు. దాచింది ఒకటుంది మరి, కాకపోతే అది నీళ్ళ గురించి కాదు. ఆమె చూసింది ఆ తడబాటునే.

"నమస్కారం," అని వెళ్ళిపోయింది. ఆమె కోసం చేయించిన కళ్ళజోడు కౌంటరు మీద పెట్టెలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత మెట్ల మీద "ఎండ వచ్చిందా" అని ఎవరూ అడగలేదు. ఖర్మ కాకపోతే, అప్పుడే ఎండ రావడం మొదలుపెట్టింది. వానలు తగ్గుముఖం పట్టాయి. రోజూ సాయంత్రం కుట్టుమిషను మీద వెలుగు వాలేది, చూసేవాళ్ళు లేక పోయేది. పిన్ని ఫోను చేసింది. "అక్కా, ఎదురువాటా ఓనరు ఇంక ఆగనంటున్నాడే. రేపు రాత్రికి ఇంకెవరితోనో మాట ఖాయం చేసుకుంటాడట."

టైలరమ్మ నోట్లో సూదులు కూడా పెట్టుకోలేదు. కొడుక్కి అది చూస్తేనే ఎక్కువ భయమేసింది.

*

మర్నాడు సాయంత్రం, మబ్బు మళ్ళీ పట్టింది. మెట్ల మీద అడుగులు వినిపించాయి. అద్దాలబ్బాయి ఒక్క ఉదుటున లేచాడు.

ఆమే. కానీ వెనక ఒక జంట ఉంది. ఆ తండ్రి భుజం మీద చంటిపిల్ల, ఊరు లేచిపోయేలా ఏడుస్తోంది.

"పార్టీని తీసుకొచ్చాను ఆంటీ," అంది ఆమె. అతనివైపు చూడలేదు. "వీళ్ళకి మీ ఇల్లే కావాలట. చూసి పొమ్మని కాదు, కొందామనే వచ్చారు."

చంటిపిల్ల తల్లి అలిసిపోయి ఉంది గానీ కళ్ళలో ఆశ ఉంది. "మా పాప నిద్రపోదండీ. ఏం చేసినా పోదు. ఒకరోజు మీ వీడియో చూస్తుంటే, ఆ వాన చప్పుడికి టక్కున పడుకుంది. అప్పట్నుంచి రోజూ అదే పెడుతున్నాం. ఫోనులో వానకే ఇంత నిద్రపోతే, అసలు వాన కింద ఉంటే ఎలా ఉంటుందో అని..."

"అంతా బాగానే ఉంది," అన్నాడు భర్త. "కానీ నీళ్ళు రోజూ రాని ఇంట్లో చంటిపిల్లతో ఎలాగండీ? నేనందుకే వద్దంటున్నా."

"ఎవరన్నారు బాబూ నీళ్ళు రావని?" అంది టైలరమ్మ.

"వీడియోలో మీ ఇంట్లోవాళ్ళే అన్నారు కదండీ!"

ఏజెంటు అమ్మాయి మొహం పాలిపోయింది. "నా వీడియోలోనా?"

"రోజూ వింటున్నాం కదండీ, మాకు కంఠతా వచ్చేసింది. ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుని వినండి, వాన మధ్యలో ఒక మగగొంతు ఉంటుంది." అతను ఫోను తీసి సౌండు పెంచాడు. గది నిండా వాన మోగింది. పాప ఏడుపు ఆపేసి నోరు తెరుచుకుని వింది. ఆ వానలోంచి, సన్నగా, దిగులుగా, ఒక గొంతు:

"...నీరు రోజూ వస్తే బాగుండు..."

"చూశారా!" అన్నాడు భర్త.

అద్దాలబ్బాయికి అర్థమైపోయింది. ఊరంతా చెవిలో పెట్టుకుని విన్నది తన గొంతు. ఊరంతా ఒక్క అక్షరం తప్పుగా విన్నది తన మనసు. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. కానీ వీళ్ళు మెట్లు దిగిపోతారు, ఎదురువాటా పోతుంది, అమ్మ ఇక ఫోనులోనే పోట్లాడుకోవాలి. ఈమె మాత్రం తనని అబద్ధాలకోరుగానే గుర్తుపెట్టుకుంటుంది. నోరు విప్పితే... ఆమె ఎదురుగానే ఉంది.

"అది 'నీరు' కాదండీ," అన్నాడు.

"మరి?"

"'మీరు'."

భర్త అయోమయంగా చూశాడు. "మేమా? మేమెందుకండీ మీ ఇంటికి రోజూ రావడం?"

"మీరు కాదండీ!" అతను తలొంచుకున్నాడు. "ఆవిడ. ఎండ కోసం ఆవిడ రోజూ వచ్చేవారు. షూటింగ్ అయిపోతే ఇంక రారేమోనని... వానలో వినపడదు కదా అని, 'మీరు రోజూ వస్తే బాగుండు' అన్నాను. అంతే. నీళ్ళు బాగానే వస్తాయి."

చంటిపిల్ల తల్లి భర్త భుజం మీద ఒక్కటిచ్చింది. "నేను చెప్పలా మొదట్నుంచీ? ఆ గొంతులో ఉన్నది నీళ్ళ దిగులు కాదని?"

టైలరమ్మ అందరికంటే ముందు తేరుకుంది. "రండమ్మా, కుళాయిలు తిప్పి చూపిస్తా. బాత్రూం తలుపు మాత్రం కాస్త ఎత్తి వెయ్యాలి, ముందే చెప్తున్నా," అని ఆ జంటని లోపలికి తోలుకుపోయింది. లోపల కుళాయి జోరుగా పారుతున్న చప్పుడు అందరికీ వినిపించింది.

ముందుగదిలో ఇద్దరే మిగిలారు. అప్పుడే రేకు మీద మొదటి చినుకు టప్పుమంది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత లెక్క తప్పింది.

ఆమె ఏదో అంది. పెదాలు కదలడం కనిపించింది గానీ మాట వాన మింగేసింది.

"ఏంటీ?" అన్నాడు.

ఆమె దగ్గరగా వచ్చింది. "టీ బాగుందన్నా!"

"ఇంకా పెట్టనే లేదు!"

"పెట్టరేం మరి! రోజూ రావాలంటే టీ ఉండాలిగా!"

అతనికి నవ్వూ, ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె కళ్ళు మాత్రం తడిగానే ఉన్నాయి. "తప్పు నాది," అంది అతని చెవి దగ్గర. "ఎవరెవరో ఫోనులో అన్నది నమ్మాను. ఎదురుగా ఉన్న మనిషిని నమ్మలేదు. నాకు నిజంగానే సైటుంది."

"ముందు లోపం చెప్పాలి కదా మీ పద్ధతిలో," అన్నాడతను. "నా లోపం కూడా వినండి. చెప్పాల్సిన మాట వాన పడితే తప్ప చెప్పలేను."

"పర్లేదు. ఈ రేకు ఊడదీసి మీ కొత్త ఇంటికి పట్టుకెళ్దాం."

"అది ఇంటితోపాటు పాపకి అమ్మేశాం!"

నిజమే. తండ్రి భుజం మీద పాప అప్పటికే గాఢంగా నిద్రపోతోంది. ఆ జంట గుమ్మంలో నిలబడి, గట్టిగా మాట్లాడితే లేస్తుందేమోనని, సైగలతోనే 'ఇల్లు మాదే' అని చెప్పారు. టైలరమ్మ పిన్నికి ఫోను చేసి వాన మీద అరిచింది: "చెల్లీ! ఆ ఓనరుకి చెప్పవే! ఎదురువాటా నాదీ! రేపట్నుంచి కాచుకో!" అవతలినుంచి పిన్ని ఏమందో తెలీదు గానీ, టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది.

అద్దాలబ్బాయి జేబులోంచి పెట్టె తీశాడు. ఆమె వెళ్ళిపోయిన రోజు నుంచీ అది ఆ జేబులోనే తిరుగుతోంది. కళ్ళజోడు తీసి, తనే ఆమె చెవుల మీద సర్ది, ముక్కు మీద సరిచేశాడు. ఈసారి చెయ్యి వణికిందని ఆమె అనలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"దగ్గర్నుంచి చూస్తే," అంది అతని మొహం పరీక్షగా చూస్తూ, "మసగ్గా ఉన్నప్పటికంటే బానే ఉన్నారు."

అప్పుడే ఆమె ఫోను మోగింది. తీసి చూసింది. గది ఆ మూల కుట్టుమిషను దగ్గర కూచున్న టైలరమ్మ నుంచే వచ్చింది మెసేజి.

"మా ఇంటికి అమ్మాయి. తొందరగా చూసిపెట్టండి."

ఆమె పకపకా నవ్వింది. "ఆంటీ! మళ్ళీ తప్పు పడింది. 'ఇంటిని అమ్మాలి' కదా? అదెలాగూ అమ్మేశాంగా!"

టైలరమ్మ లేచి దగ్గరికొచ్చింది. గుండుసూదుల డబ్బా మూత పెట్టి ఉంది. ఆవిడ నోరు బాగా తెరిచి చూపించింది, చంటిపిల్లలు మందు మింగేశామని చూపించినట్టు.

"నా నోట్లో సూదుల్లేవు. నీ కళ్ళకి అద్దాలున్నాయి. ఇంక తప్పెక్కడుందే తల్లీ? మళ్ళీ చదువు."

ఆమె మళ్ళీ చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, నిదానంగా చదివింది. తర్వాత ఏదో టైపు చేసి పంపించింది.

టైలరమ్మ ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని పైకే చదివింది.

"చూశాను ఆంటీ. నేనే."